చాక్లెట్‌ని తిట్టి, చేతిలో బిస్కెట్ పెడుతున్నాం

"మావాడు చాక్లెట్లు ముట్టనే ముట్టడండీ. అయినా పళ్ళన్నీ ఎందుకిలా పుచ్చిపోయాయో తెలీట్లేదు." పిల్లల పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చిన తల్లుల నోట తరచూ వినపడే మాట ఇది. వాళ్ళేం అబద్ధం చెప్పడం లేదు. విశాఖపట్నంలో చాలా ఇళ్ళల్లో చాక్లెట్ నిజంగానే బందు. ఫ్రిజ్ మీద దాచిన డబ్బా పండక్కో పుట్టినరోజుకో తప్ప కిందకి దిగదు. మరి నాలుగేళ్ళ పిల్లాడికి పైవరస ముందుపళ్ళు నాలుగూ గోధుమరంగుకి తిరిగి, దవడ పళ్ళలో గుంటలు ఎలా పడ్డాయి?

"ఏం తింటాడు?" అని అడిగితే ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. ఇడ్లీ, పప్పన్నం, గుడ్డు, పాలు అని చెప్తారు, అవన్నీ మంచివే. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా నోట్లోకి ఏది ఎన్ని గంటలకి వెళ్ళిందో వరసగా కాగితం మీద రాయించాలి. ఎం.వి.పి. కాలనీ అయినా గాజువాక అయినా ఆ కాగితం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఏడింటికి మాల్ట్ పొడి కలిపిన పాలు, పొడిలో తీపి చాలదని పైన ఇంకో చెంచా పంచదార. ఎనిమిదింటికి ఇడ్లీ. పదిన్నరకి స్కూల్లో స్నాక్స్ డబ్బా, అందులో క్రీమ్ బిస్కెట్లు నాలుగు. పన్నెండున్నరకి అన్నం. మూడున్నరకి వ్యాన్ దిగగానే మామిడి డ్రింకు, స్ట్రాతో ఇల్లు చేరేదాకా చప్పరిస్తూ. నాలుగున్నరకి మళ్ళీ పాలు, ముంచుకోడానికి రెండు బిస్కెట్లు. ఆరింటికి ఆటకి వెళ్తూ చిప్స్ పాకెట్. ఏడున్నరకి హోంవర్కు చేయించడానికి లంచంగా ఏదో ఒకటి. ఎనిమిదిన్నరకి అన్నం. తొమ్మిదిన్నరకి, నిద్ర పట్టడానికి సీసాలో తీపి పాలు.

చాక్లెట్ ఎక్కడా లేదు, నిజమే. కానీ భోజనం టిఫిను కాకుండా ఆ నోరు ఇంకో ఏడుసార్లు ఆడింది. ఈ వ్యాసంలో నేను వాదించేదల్లా ఇదే: మన పిల్లల పళ్ళని పుచ్చబెడుతున్నది ఫలానా వస్తువు కాదు, మనం ఇంట్లో నడుపుతున్న ఈ టైంటేబుల్. దాన్ని మార్చకుండా చాక్లెట్ మాన్పించి ఏం లాభం లేదు.

పంటి మీద ఉండే పాచి చూడ్డానికి మెత్తటి పొర, నిజానికి కోట్ల బాక్టీరియా కాపురం. వాటిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ లాంటివి చక్కెర దొరకగానే దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. మామూలప్పుడు పాచి దగ్గర పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని చెప్పే కొలత) 7కి కాస్త అటూఇటూగా ఉంటుంది. తీపి తగిలిన ఐదు పది నిమిషాల్లో అది 5.5 కంటే కిందకి పడిపోతుంది. ఆ గీత దాటిందంటే పంటి గట్టి పైపొర ఎనామెల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది. తర్వాత ఉమ్మి వచ్చి ఆమ్లాన్ని పలచన చేసి, తనలో ఉన్న కాల్షియంని మళ్ళీ పంటికి అందించి, పరిస్థితి యథాస్థితికి తెచ్చేసరికి అరగంట నుంచి గంట పడుతుంది. 1940ల్లో రాబర్ట్ స్టెఫాన్ అనే అమెరికన్ పరిశోధకుడు గ్లూకోజు నీళ్ళతో నోరు పుక్కిలింపజేసి ఈ పడిలేచే గీతని కొలిచాడు. పళ్ళ డాక్టర్లు ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇక లెక్క చూడండి. ఏడుసార్లు, సారికి నలభై నిమిషాలనుకున్నా, రోజులో నాలుగున్నర గంటల పైమాటే ఎనామెల్ కరుగుతోంది. భోజనాల వాటా ఇందులో కలపలేదు. మూడున్నరకి తాగింది సర్దుకునే లోపే నాలుగున్నరకి బిస్కెట్ పడుతోంది, అంటే ఉమ్మికి పని పూర్తిచేసే సందు దొరకట్లేదు. పాలపళ్ళ ఎనామెల్ మందం సుమారు ఒక మిల్లీమీటరు, శాశ్వత దంతాలకి ఉండేదాంట్లో సగం. పెద్దవాళ్ళకి ఏళ్ళు పట్టే పుచ్చు పిల్లలకి నెలల్లోనే నరం దాకా పోవడానికి ఒక కారణం ఇదే.

ఎన్నిసార్లు తిన్నాం అన్నది ఎంత ముఖ్యమో తేల్చిన పరిశోధన స్వీడన్‌లో జరిగింది. లుండ్ పట్టణం దగ్గర విపెహోల్మ్ అనే మానసిక వికలాంగుల ఆశ్రమంలో 1945లో మొదలై, ఫలితాలు 1954లో అచ్చయ్యాయి. భోజనంతో పాటు చక్కెర తీసుకున్నవాళ్ళకి పుచ్చు కొద్దిగానే పెరిగింది. భోజనాల మధ్య పంటికి అంటుకునే టాఫీలు తిన్నవాళ్ళకి మాత్రం పళ్ళు ఘోరంగా పాడయ్యాయి, టాఫీలు ఆపాక కొత్త పుచ్చులు తగ్గాయి. కాదనలేని స్థితిలో ఉన్న మనుషుల పళ్ళు కావాలని పాడుచేసి నేర్చుకున్న పాఠం అది. ఇవాళైతే ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అంత మూల్యానికి తెలిసిన విషయాన్ని మనం ఇప్పటికీ పట్టించుకోకపోవడం ఇంకో అన్యాయం.

అలాగని "ఎన్నిసార్లు" చూసుకుంటే చాలు, "ఎంత" అక్కర్లేదు అనడం లేదు. రెండూ చెట్టపట్టాలేసుకుని నడుస్తాయి, ఎక్కువసార్లు తినే పిల్లాడి లోపలికి ఎక్కువ చక్కెరే వెళ్తుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచన ప్రకారం రోజువారీ కేలరీల్లో కలిపిన చక్కెర, తేనె, పండ్లరసం చక్కెర అన్నీ కలిపి 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపుంటే ఇంకా మేలు. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పే అవసరం రోజుకి 1360 కేలరీలు. అందులో 10 శాతమంటే 34 గ్రాముల చక్కెర, 5 శాతమంటే 17 గ్రాములు. పైన రాసిన రోజుని తూకం వేద్దాం. మాల్ట్ పొడుల్లో 100 గ్రాములకి 30 గ్రాముల పైన చక్కెర ఉన్నవి బజార్లో ఉన్నాయి. 20 గ్రాముల పొడికి ఆరేడు గ్రాములు, పైన వేసిన చెంచా ఐదు గ్రాములు, వెరసి గ్లాసుకి పన్నెండు. నాలుగు క్రీమ్ బిస్కెట్లకి పదీపన్నెండు. 160 మిల్లీలీటర్ల మామిడి డ్రింకుకి సుమారు ఇరవై. రాత్రి సీసాకి ఐదు. సాయంత్రం పాలు, ఆ రెండు బిస్కెట్లు, హోంవర్కు లంచం లెక్కలోకి రాకముందే 34 దాటిపోయింది, 17 సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ మాల్ట్ డబ్బాల మీద పొడుగు పెరుగుతారని, చురుగ్గా ఉంటారని రాస్తారు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పొడులని "హెల్త్ డ్రింక్స్" అనే వర్గంలో చూపించొద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకి చెప్పింది. షాపులో డబ్బా ముందువైపు కాకుండా వెనక ఉన్న పట్టిక చూడండి. "మొత్తం చక్కెరలు", "కలిపిన చక్కెరలు" అని రెండు వరసలుంటాయి, కావల్సింది రెండోది. పక్కన "100 గ్రాములకి" అని ఉందో "ఒక సర్వింగ్‌కి" అని ఉందో గమనించాలి, అక్కడే చాలామంది బోల్తా పడతారు. మాల్టోడెక్స్‌ట్రిన్ అని కనబడితే అదీ నోట్లోని బాక్టీరియాకి పనికొచ్చేదే.

ఇప్పుడు మన ఊరి అసలు బలహీనత గురించి. పక్కనే అనకాపల్లి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి గంట దూరంలో ఉంటే బెల్లం మీద మమకారం ఉండటం సహజం. "పంచదార విషం, బెల్లం బలం" అనే మాట ఉత్తరాంధ్రలో దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. పంచదార మానేసి బెల్లం పాలు, బెల్లం రాగిజావ, వేరుశనగ పట్టీ, నువ్వుల జీళ్ళు పెట్టి, పిల్లల పళ్ళకి మేలు చేశామని నిశ్చింతగా ఉంటారు. పంటికి సంబంధించినంత వరకూ ఆ నిశ్చింతకి ఆధారం లేదు. బెల్లంలో కాస్త ఇనుము, కొన్ని ఖనిజాలు ఉన్నమాట వాస్తవం. కానీ అందులో అధికభాగం సుక్రోజే, పంచదారలో ఉన్న సుక్రోజే. మ్యూటాన్స్‌కి రంగుతో, వాసనతో పనిలేదు. పైగా పాకం పట్టిన బెల్లం పంచదార కంటే ఎక్కువసేపు పంటిని పట్టుకుని ఉంటుంది. నువ్వుల జీడి ముక్క సాగి దవడ పంటి గాళ్ళలో ఇరుక్కుంటే పదిహేను ఇరవై నిమిషాలు అక్కడే కరుగుతుంది, నాలుకతో ఎంత తోసినా రాదు. విపెహోల్మ్ టాఫీకి మన తమ్ముడు అదే. తేనె, తాటిబెల్లం, ఖర్జూరం, "చక్కెర లేని" డ్రైఫ్రూట్ లడ్డూ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఏడాది లోపు పసివాళ్ళకి తేనె నాకించడమైతే పళ్ళ గొడవ కాదు, బొట్యులిజం అనే ప్రాణాపాయం.

అయితే చిక్కీని బడిలోంచి తీసేయమని నేను అనను. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో చిక్కీ, రాగిజావ పెట్టడానికి రక్తహీనత అనే గట్టి కారణం ఉంది. వేరుశనగలో మాంసకృత్తులున్నాయి. అన్నం తిన్న వెంటనే, అక్కడికక్కడే నమిలేసి నీళ్ళు పుక్కిలించి మింగితే దాని చెడు చాలావరకు తగ్గుతుంది. అదే చిక్కీని జేబులో పెట్టుకుని నాలుగింటిదాకా కొద్దికొద్దిగా కొరికితే ఇంకో కథ. వస్తువు ఒకటే, గడియారంలో దాని చోటు మారింది.

ఈ విషయంలో పాత బంతిభోజనాన్ని మెచ్చుకోవాలి. బూరెలైనా బొబ్బట్లైనా విస్తట్లో మొదట్లోనే పడేవి, ఆఖర్న పెరుగన్నం తిని లేచేవారు. భోజనం వేళకి ఉమ్మి బాగా ఊరుతుంది, కూర, పప్పు, అన్నంతో కలిసి తీపి త్వరగా కడుక్కుపోతుంది, చివర్న పెరుగు కాల్షియం, ఫాస్ఫేట్ అందిస్తుంది. ఇవాళ్టి బఫేలో చివర్న గులాబ్‌జామ్, దాని మీద ఐస్‌క్రీమ్, చేతిలో కూల్‌డ్రింకుతో ఇంటికి. పిల్లలకి తీపి పెట్టాలనుకుంటే మధ్యాహ్నం కంచంలోనే పెట్టండి. మాడుగుల హల్వా ముక్క అన్నంతో తింటే ఆమ్లం దాడి ఒకటే, ఆ అన్నంతో ఎలాగూ వచ్చేదే. సాయంత్రం ఐదింటికి అదే ముక్క కొత్త దాడి.

పగలు జరిగేదంతా ఒక ఎత్తు, రాత్రి సీసా ఒక ఎత్తు. పసిపిల్లల పళ్ళు మొత్తంగా కరిగిపోయిన చోట ఎక్కువసార్లు తేలేది ఇదే. నిద్రపోయాక ఉమ్మి ఊరడం దాదాపు ఆగిపోతుంది. అప్పుడు నోట్లో నిలిచిన తీపి పాలని కడిగేవాళ్ళు ఉండరు. అందుకే ఈ పుచ్చుకి ఒక ప్రత్యేకమైన ముద్ర ఉంటుంది: పైవరస ముందుపళ్ళు నాలుగూ చిగురు దగ్గర్నుంచి పోతాయి, కిందవరస ముందుపళ్ళు మాత్రం ముత్యాల్లా ఉంటాయి. చప్పరించేటప్పుడు నాలుక కింది పళ్ళని కప్పుతుంది, ఉమ్మి గ్రంథుల ద్వారాలు కూడా అక్కడే ఉన్నాయి. ఈ ముద్ర కనబడితే సీసా గురించి అడగక్కర్లేదు, ఎన్ని నెలలు వాడారో అడిగితే చాలు.

ఉత్తి పాలలో ఉండే లాక్టోజు పంచదారంత హాని చెయ్యదు, పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు, కాల్షియం పంటికి కొంత కాపు కూడా. చిక్కు అందులో వేసిన పంచదారతో, సీసాని నోట్లోనే వదిలేయడంతో. తల్లిపాల మీద ఇందులో ఏ ఫిర్యాదూ లేదు. మొదటి ఏడాది తల్లిపాలు తాగిన పిల్లలకి పళ్ళ విషయంలోనూ మేలే. ఏడాది దాటి, పళ్ళొచ్చాక, రాత్రంతా రొమ్ము నోట్లోనే ఉంటే, పగలు తీపి తిళ్ళు కూడా తోడైతే ప్రమాదం పెరుగుతుంది. అలాంటప్పుడు పాలు మాన్పించడం కంటే, తాగాక తడిగుడ్డతో పళ్ళు తుడవడం, పగటి తీపి తగ్గించడం ముందు చెయ్యాల్సినవి.

సీసా మాన్పించడం ఒక్కరాత్రిలో అయ్యే పని కాదు. ఒక్కసారిగా లాక్కుంటే మూడు రాత్రులు ఏడుపు, నాలుగో రాత్రి నాయనమ్మ జాలి, ఐదో రాత్రి మళ్ళీ సీసా. మొదట పంచదార తగ్గించండి, వారంలో చెంచా నుంచి అరచెంచా, తర్వాత సున్నా. తీపి పోయాక పాలు పలచన చెయ్యండి: రెండు మూడు రోజులు మూడొంతుల పాలకి ఒక వంతు నీళ్ళు, తర్వాత సగం సగం, తర్వాత ఒక వంతు పాలకి మూడొంతుల నీళ్ళు, చివరికి ఉత్తి నీళ్ళు. రెండువారాల్లోపు చాలామంది పిల్లలే సీసా అవతల పడేస్తారు. ఈ పలచన చేసిన సీసా నిద్రకి మాత్రమే, ఆకలి తీర్చేది కాదు. కడుపు నిండే పాలు అంతకు గంట ముందే గ్లాసుతో ఇచ్చెయ్యాలి. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య ఈ పని పూర్తవ్వాలి. అసలు సీసాయే మొదలెట్టకుండా ఉగ్గుగిన్నె నుంచి నేరుగా స్టీలు గ్లాసుకి వచ్చిన పిల్లలకి ఈ తంటా ఉండదు. ఆ గిన్నెలు ఇంకా కొన్ని ఇళ్ళ అటకల మీద ఉన్నాయి, దించి తోముకోవచ్చు.

విశాఖ ఉక్కపోత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పిల్లల పళ్ళని పాడుచేసే వాటిలో అది పరోక్షంగా పెద్దది. మార్చి నుంచి జూన్ దాకా, సముద్రపు తేమలో చెమట ఆరక, "నీరసం వస్తుంది" అని నీళ్ళ సీసాలో గ్లూకోజు పొడి కలిపి బడికి పంపుతారు. గ్లూకోజు కూడా చక్కెరే, బాక్టీరియాకి నేరుగా అందే చక్కెర. పిల్లాడు దాన్ని ఆరుగంటల పాటు గుక్కగుక్కగా తాగుతాడు. పంటికి ఇంతకంటే చెడ్డ పద్ధతి కనిపెట్టడం కష్టం. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకున్న తీపి పాకెట్ డ్రింకులు ఇంకో బెడద. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే, అదీ విరేచనాలకి. ఆ పాకెట్లలో కొన్నింట్లో అంత చక్కెర వందో నూటయాభయ్యో మిల్లీలీటర్లలోనే ఉండేది. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. ఆడుకునే పిల్లాడికి మంచినీళ్ళు చాలు. చెమట ఎక్కువైతే ఉప్పేసిన పల్చటి మజ్జిగ, చోడి (రాగి) అంబలి, లేదా కొబ్బరిబొండం, అదీ ఒకేసారి తాగేసి అయిపోయేట్టు.

కూల్‌డ్రింకులది రెండు వైపులా వాత. కోలాల పీహెచ్ 2.5 దరిదాపుల్లో ఉంటుంది, బాక్టీరియా సాయం లేకుండానే ఎనామెల్ మెత్తబడుతుంది, చక్కెర వేరే. "డైట్" రకంలో చక్కెర లేకపోయినా ఆమ్లం ఉంది. పుల్లటివి ఏవి తాగినా, తిన్నా, వెంటనే బ్రష్ చెయ్యకూడదు, మెత్తబడిన పొరని రుద్ది తీసేసినట్టే అవుతుంది. నీళ్ళు పుక్కిలించి అరగంట ఆగాలి.

సరే, డబ్బాలో ఏం పెట్టమంటారు అని అడుగుతారు. పొద్దున్న ఆరింటికి వంటింట్లో నిలబడి మూడు డబ్బాలు సర్దే మనిషికి ఉపన్యాసం కంటే ఈ జవాబే కావాలి. రాత్రే నానబెట్టిన శనగల గుగ్గిళ్ళు, ఆవాలు కరివేపాకు పోపుతో, ఐదేళ్ళు దాటినవాళ్ళకి. ఉడికించిన గుడ్డు సగానికి కోసి, మిరియాలపొడి చల్లి. పన్నీరు ముక్కలు. జామకాయ, కీరా, క్యారట్ నిలువు ముక్కలు. మినప సున్నుండకి బదులు మినపరొట్టె. ఉడకబెట్టిన పల్లీలు బీచ్ రోడ్డులో కొన్నా మంచివే, కానీ ఐదేళ్ళలోపు పిల్లలకి గింజలు గింజలుగా ఇవ్వకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాళ్ళకి పల్లీపొడి అట్టుమీద చల్లండి, శనగలు మెదిపి పెట్టండి. వేసవిలో ముంజలు, చలికాలంలో తేగలు. పండు పండుగానే తింటే అందులోని చక్కెర కణాల్లోపల బందీగా ఉంటుంది, నమలడం వల్ల ఉమ్మీ ఊరుతుంది. సింహాచలం అనాస ముక్కకి, అనాస జ్యూసుకి పంటి దగ్గర చాలా తేడా. పిండి జ్యూసు చేశారంటే ఆ చక్కెరని విడుదల చేసినట్టే.

ఉప్పగా ఉన్నవి పళ్ళకి ఏం చెయ్యవు అనుకోవడం ఇంకో పొరపాటు. చిప్స్, పఫ్‌లు, బిస్కెట్లు నోట్లో ముద్దలా మారి దవడ పళ్ళ గాళ్ళలో కూరుకుంటాయి, ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైము ఆ పిండిని చక్కెరగా విడగొడుతూ ఉంటుంది. పంచదారా పిండీ రెండూ కలిసిన బిస్కెట్ అందుకే చాక్లెట్ కంటే ఒక మెట్టు చెడ్డది. చాక్లెట్ కరిగి పది నిమిషాల్లో పోతుంది, బిస్కెట్ ముద్ద పోదు. మరీ ఏదో ఒకటి ఇవ్వక తప్పని రోజున మామూలు చాక్లెట్ ముక్కే నయమని నేను నిర్మొహమాటంగా చెప్తాను. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం కూడా పిండే కదా అంటారేమో. పిండే, కానీ తీపి లేదు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది, వారానికి ఒకసారి. దాంతో పేచీ లేదు.

మొత్తం మీద ఇంటికి ఒక నియమం చాలు: రోజులో ఐదు వేళలే. మూడు తిళ్ళు, రెండు చిరుతిళ్ళు, మధ్యలో కనీసం రెండు గంటల విరామం, ఆ విరామంలో మంచినీళ్ళు మాత్రమే. తీపి ఏదైనా తిండి వేళతోనే. రాత్రి బ్రష్ చేశాక నీళ్ళు తప్ప ఏదీ లేదు. దీన్ని పాడుచేసేది పిల్లలు కాదు, పెద్దవాళ్ళు. తాతగారు వాకింగ్ నుంచి వస్తూ తెచ్చే పాకెట్, అత్తయ్య పర్సులోని టాఫీ, డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చిన నాన్న తన అపరాధభావానికి కట్టే సుంకం. వీళ్ళని తీసుకురావద్దంటే వినరు, మనసు కష్టపెట్టుకుంటారు. తెచ్చింది డబ్బాలో వేసి మర్నాడు మధ్యాహ్నం అన్నంతో ఇద్దామని చెప్తే ఎవరికీ నొప్పి ఉండదు. మందుల సిరప్‌లూ లెక్కలోవే. దగ్గు సిరప్ రాత్రి బ్రష్‌కి ముందు వెయ్యాలి, తర్వాత కాదు. నెలల తరబడి వాడాల్సినవైతే చక్కెర లేని రకం ఉందేమో డాక్టర్‌ని అడగాలి.

"రెండుపూటలా బ్రష్ చేయిస్తున్నాం, ఇంకా తిండి మీద ఇంత గొడవేంటి?" అనే ప్రశ్న న్యాయమైనదే. ఫ్లోరైడ్ పేస్టు నిజంగా రక్షణ ఇస్తుంది, ఆమ్లాన్ని తట్టుకునేలా ఎనామెల్‌ని గట్టిపరుస్తుంది. కానీ చాలా ఇళ్ళల్లో ఆ రక్షణ సగమే అందుతోంది. కార్టూన్ బొమ్మ ఉన్న పిల్లల పేస్టుల్లో కొన్నింటిలో ఫ్లోరైడే ఉండదు, కొన్నింటిలో 500 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్క) లోపు. ట్యూబు మీద 1000 పీపీఎం దగ్గర్లో అంకె ఉందేమో చూడండి. మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ళకి బఠానీగింజంత, అంతే. ఉమ్మేసి వదిలెయ్యాలి, నీళ్ళతో పదిసార్లు పుక్కిలిస్తే పేస్టు పనిచేసే సమయమే ఉండదు. ఏడెనిమిదేళ్ళ దాకా బ్రష్ పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి. నల్గొండ, ప్రకాశం లాంటి చోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి అక్కడివాళ్ళు డాక్టర్‌ని అడిగి వాడుకోవాలి. విశాఖకి వచ్చేది ఎక్కువగా జలాశయాల నీరు, అందులో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువే, ఆర్‌వో ఫిల్టరు ఉన్నదాన్ని కూడా తీసేస్తుంది. కాబట్టి ఇక్కడ పేస్టు మీదే ఆధారం. అయినా రోజుకి పదిసార్లు దాడి జరుగుతుంటే రెండుసార్ల బ్రష్ ఎంతని ఆపుతుంది?

"పాలపళ్ళే కదా, ఊడిపోయేవే" అన్న మాట అన్నిటికంటే ఖరీదైనది. ముందుపళ్ళు ఆరేడేళ్ళకి ఊడతాయి సరే, దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. నాలుగేళ్ళకే పీకించేస్తే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, కింద నుంచి వచ్చే పంటికి చోటు లేక వంకరగా వస్తుంది, పద్నాలుగేళ్ళకి క్లిప్పులు. చీముపట్టిన పాలపంటి వేరు కిందే శాశ్వత దంతం తయారవుతూ ఉంటుంది, దానికీ మచ్చ పడొచ్చు. నొప్పితో ఒకవైపే నమిలే పిల్లాడు ముద్ద అన్నం తినడు, తినట్లేదని పాలూ బిస్కెట్లూ ఇస్తారు, ఈ చక్రం తెలిసిందే.

నెలకోసారి ఇంట్లోనే చూడటం తేలిక. పిల్ల తల మీ ఒళ్ళో, కాళ్ళు అవతలివైపు ఉండేట్టు పడుకోబెట్టండి. ఫోను టార్చి వెయ్యండి. పై పెదవిని వేలితో పైకెత్తి, ముందుపళ్ళని పొడిగుడ్డతో తుడిచి కొన్ని క్షణాలు ఆరనివ్వండి, తడిమీద అసలు సంగతి కనపడదు. చిగురు అంచు వెంట సుద్దతో గీసినట్టు తెల్లటి, మెరుపులేని గీత ఉంటే అదే మొదటి గుర్తు. గుంట పడలేదు, తిండి వేళలు సరిచేసి, ఫ్లోరైడ్ వార్నిష్ మూడు నుంచి ఆరునెలలకోసారి వేయిస్తే అది ఆగుతుంది, కొంత వెనక్కీ వస్తుంది. గీత గోధుమరంగుకి తిరిగి గరుకుగా తగిలితే ఆలస్యమవుతోందని. గుంటపడితే ఫిల్లింగు. చిన్నపిల్లలు కదలకుండా కూర్చోలేని చోట సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తారు, పుచ్చు ఆగుతుంది గానీ ఆ చోటు నల్లబడుతుంది, ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి. నరం దాకా పోతే పాలపంటికీ నరం వైద్యం చేసి స్టీలు తొడుగు వేస్తారు. రుషికొండ గీతం డెంటల్ కాలేజీలోనూ, సంగివలసలోని అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీలోనూ పిల్లల పళ్ళకి ప్రత్యేక విభాగాలున్నాయి. రోడ్డుపక్క చెవిలో గొట్టం పెట్టి పంటిలోంచి పురుగు తీసి చూపించేవాళ్ళ దగ్గరకి మాత్రం వెళ్ళకండి, పంటిలో పురుగు ఉండదు, అది వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

చివరగా ఆరేళ్ళ దవడ పన్ను సంగతి. ఏ పాలపన్నూ ఊడకుండానే, అన్నిటికంటే వెనక, నిశ్శబ్దంగా మొలుస్తుంది కాబట్టి అది శాశ్వత దంతమని చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. పైకి పూర్తిగా రావడానికి ఏడాది దాకా పడుతుంది, అన్నాళ్ళూ బ్రష్ దాని ఎత్తుకి అందదు, గాళ్ళు లోతుగా ఉంటాయి, ఎనామెల్ ఇంకా ముదరలేదు. సరిగ్గా ఒకటో తరగతిలో చేరి, సొంతంగా డబ్బులిచ్చి కొట్లో కొనుక్కోవడం నేర్చే వయసు కూడా అదే. అందుకే ఐదున్నర నుంచి ఏడున్నరేళ్ళ మధ్య స్నాక్స్ డబ్బా మీద, సాయంత్రం వేళల మీద కట్టుదిట్టం రెట్టింపు చెయ్యాలి. పన్ను పూర్తిగా బయటికొచ్చాక దాని గాళ్ళని పైన పూసే పలచటి పూత, సీలెంట్‌తో మూయించాలి. మత్తు అక్కర్లేదు, డ్రిల్లు అక్కర్లేదు, పంటికి కొన్ని నిమిషాల పని. నాలుగు మూలలా నాలుగు పళ్ళు ఒకేసారి రావు, కాబట్టి రెండు మూడుసార్లు తిరగాల్సి రావచ్చు. వేసిన సీలెంట్ కొన్నాళ్ళకి అంచుల్లో లేచిపోవచ్చు, ఆరునెలల కోసారి చూపించి ఊడినచోట మళ్ళీ వేయించుకోవాలి.